తప్పు మీద గొడుగు

ఆగస్టు 3

అమ్మమ్మా,

నేను బాగానే ఉన్నాను. మొదటి వాక్యం అలా రాయాలి కాబట్టి రాశాను. ఇక నిజం.

ట్యూషను పోయింది. మొదటిరోజే. ఆ అమ్మాయి తండ్రి బస్సు కంపెనీలో ఏదో అధికారి. నేను భిన్నాలు చెబుతున్నంతసేపూ వెనక కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. అయ్యాక పేపరు మడిచి, "అమ్మాయ్, నువ్వు మా పిల్లకు చెబుతున్నావా, నీకు నువ్వే చెప్పుకుంటున్నావా? నాకైతే ఒక్క ముక్క వినపడలేదు" అన్నాడు. పిల్ల నవ్వింది. నేను కూడా నవ్వాను, ఎందుకో తెలియదు. మెట్లు దిగుతుంటే, రేపు రానక్కరలేదని పైనుంచి వినపడింది. ఆయన గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడుతుంది.

క్లాసులోనూ ఇదే వరస. కెమిస్ట్రీ రెండో ఏడాదికి వచ్చాను, ఇంకా నోరు పెగలదు. నేను నోట్లోనే గొణిగిన జవాబును పక్కబెంచీ వాళ్ళు వినేసి, గట్టిగా చెప్పి మెప్పు కొట్టేస్తారు. హాస్టలు గదిలో నాతో ఉన్న అమ్మాయి నిద్రలో చేసే చప్పుడు నేను మెలకువలో చెయ్యలేను. దానికి 'గురక' అని పేరు పెట్టాను. పిలిస్తే పలుకుతుంది, మంచిదే.

ఇంటికొచ్చేస్తే ఏమంటావు? అమ్మను అడిగితే ఏడుస్తుంది, నువ్వు తిడతావు. తిట్లే నయమనిపించి నీకు రాస్తున్నాను.

నీ గొణుగుడు


ఆగస్టు 11

నా గొణుగుడమ్మకు,

ఇంటికొచ్చేస్తే ఏమంటానని అడిగావు. ఏమీ అనను, తలుపు తీయను. మీ అమ్మ తీస్తుంది, దాని వెన్నెముక సంగతి నీకూ తెలిసిందే.

ఈ కాలంలో ఉత్తరాలేమిటి, ఫోను చెయ్యరాదా అని అది రోజూ సణుగుతోంది. ఫోనులో నువ్వు గొణిగితే నాకు వినపడదు, నేను అరిస్తే నీకు కోపం. కాగితం మీద ఎవరూ గొణగలేరు. నీ ఉత్తరంలో నీకు గొంతుంది, అమ్మడూ. ఆ బస్సు పెద్దమనిషి దగ్గరకు వచ్చేసరికి ఎంత నవ్వానంటే పళ్ళసెట్టు ఊడి ఒళ్ళో పడింది.

ఈ పళ్ళు ఎవరు కట్టారో చెప్పానా? తొర్రి. నేను బడిలో లెక్కలు చెప్పే రోజుల్లో ముందుపళ్ళు రెండూ లేకుండా, నోరంతా తెరిచి ఎక్కాలు అప్పజెప్పేదే, ఆ పిల్ల. ఇప్పుడు లోకం చేత నోరు తెరిపించి లోపలికి లైటు వేసి చూస్తోంది. నేను చెప్పిన లెక్కలు నీ వృత్తికి ఏమైనా పనికొచ్చాయా అని అడిగితే, "మీకెన్ని మిగిలాయో లెక్కపెట్టడానికి, టీచర్" అంది. సున్నా అని నేనే చెప్పాల్సి వచ్చింది.

మీ లైబ్రరీ ముందు నోటీసు బోర్డు ఉందన్నావు కదా. లెక్కలు చెబుతానని ఒక చీటీ రాసి అంటించు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, అక్కడ కూడా గొణక్కు. ఒక నెల ఆగు. అప్పటికీ ఎవరూ పిలవకపోతే తలుపు సంగతి ఆలోచిస్తాను.

నీ తిట్ల ఖజానా,
అమ్మమ్మ


సెప్టెంబరు 2

అమ్మమ్మా,

పిలిచారు.

చీటీ అంటించిన వారానికే. ఆవిడ డెంటిస్టు. కింద క్లినిక్కు, మీద ఇల్లు. లైబ్రరీకి ఏదో పనిమీద వచ్చి నా చీటీ చూసిందట. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు, రేపటినుంచి రమ్మంది. ఎవరి సిఫారసూ లేకుండా, నా చేతిరాత చూసి నన్ను పిలిచిన మొదటి మనిషి. ఇంటికి రావడం లేదు, తలుపు వేసుకో.

ఆవిడ కూతురు ఆరో తరగతి. వాగుడుకు అంతులేదు కాబట్టి చిలక అంటున్నాను. లెక్కలు మాత్రం శూన్యం. రెండు భిన్నాలిస్తే పైవి పైవీ, కిందవి కిందవీ కలిపేస్తుంది. ఏడెనిమిదులు యాభైనాలుగు అంది. తప్పని చెబితే ఎంత విచారంగా చూస్తుందో. ఇంత విచారంగా తప్పులు చేసే పిల్లను నేను చూడలేదు.

దానికో పద్ధతి కనిపెట్టాను. ప్రతి మెట్టునూ పైకి గొణగమంటాను. నేనూ గొణుగుతాను. ఇద్దరం బల్లకు చెరోపక్కా కూర్చుని గొణుగుతుంటే, కింద పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారో తెలియదు. కానీ పని చేస్తోంది. నా రోగమే దానికి మందయింది.

నీ గొడుగు మాత్రం నేర్పలేదు, నేర్పను కూడా. తప్పుపోయిన మెట్టును కొట్టేయకూడదు, దాని మీద గొడుగులా వంపుగీత గీసి కింద సరిగ్గా చెయ్యాలి, కాలు ఎక్కడ జారిందో ఎప్పటికీ కనపడాలి అని నా చిన్నప్పుడు నువ్వు చంపుకు తిన్నావు కదా. నాకింకా పోలేదు. మొన్న క్లాసులో వేస్తే గురక చూసి, "ఏంటే, మీ లెక్కల్లో వానొస్తోందా?" అంది. ఈ పిల్లకు చెప్పేది మొత్తం నాదే కావాలి.

నీ గొణుగుడు, కొంచెం గట్టిగా


సెప్టెంబరు 10

ట్యూషను టీచరమ్మగారికి,

నా గొడుగు ఎగరగొట్టావు, సరే. ముప్ఫయ్యేళ్ళు దాని కింద ఎంతమంది తలదాచుకున్నారో నీకేం తెలుసు. నీ గొణుగుడు పద్ధతి బాగుంది. బడిలో నేనది ప్రవేశపెట్టి ఉంటే హెడ్మాస్టరు తేనెటీగలు పట్టాయని పొగ పెట్టించేవాడు.

రెండు మాటలు. ఒకటి, పిల్ల ఒప్పు చేసినప్పుడు వెంటనే మెచ్చుకోకు. ఎందుకు ఒప్పో అడుగు. రెండు, కిటికీ పక్క కుర్చీలో కూర్చోకు. ఏసీ గాలి తిన్నగా వీపుకు కొడుతుంది, నీకసలే జలుబు ఒళ్ళు.

మీ అమ్మకు నీ ఉత్తరం చదివి వినిపించాను. ఏడ్చింది. సంతోషమొచ్చినా అదే చేస్తుంది, ఖర్చు లేని మనిషి.

అమ్మమ్మ


డిసెంబరు 5

అమ్మమ్మా,

చిలకకు క్లాసులో మొదటి ర్యాంకు వచ్చింది. మార్కుల కాగితాన్ని జెండాలా ఊపుకుంటూ మెట్లు దిగింది. వాళ్ళమ్మ చేతి తొడుగులు విప్పకుండానే నా చెయ్యి పట్టుకుంది. దారంతా నాలో నేనే నవ్వుకుంటూ హాస్టలుకు నడిచాను. అన్నట్టు, నువ్వు చెప్పాక కుర్చీ మార్చాను, వీపునొప్పి తగ్గింది. ఆ కుర్చీ సంగతి నీకు రాసినట్టు గుర్తులేదు. ఎప్పుడో గొణిగి ఉంటాను.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. శ్రద్ధగా చదువు.

మా ప్రొఫెసరమ్మ ఏటా ఒక్కరినే తన లాబులోకి తీసుకుంటుంది. బావుల నీళ్ళు, కొళాయి నీళ్ళు, కాలవ నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి, వాటిలో ఏం కలిసిందో తేల్చే పని. అక్కడ చేసినవాళ్ళే తరవాత పరిశోధనకు వెళతారు. ఈ ఏడాది నన్ను పిలిచింది. "నువ్వు మాట్లాడవు, సీసాలూ మాట్లాడవు. మీకు బాగా కుదురుతుంది" అంది. ఆగస్టులో అయితే ఎగిరి గంతేసేదాన్ని. కానీ సాయంత్రాలన్నీ అక్కడే గడపాలి. ట్యూషను మానాలి. అంతకంటే పెద్ద మాట ఏమిటంటే, నేను పుట్టింది టీచరు కావడానికేమో అనిపిస్తోంది. ఏమీ రాని పిల్లను మూడు నెలల్లో మొదటి ర్యాంకుకు తెచ్చానంటే అది చిన్న విషయమా? డిగ్రీ అయ్యాక టీచరు ట్రైనింగుకు వెళదామని ఉంది. ఆ దారిన వెళ్ళేదాన్నయితే ఇంకొకరి చోటు నేను ఆక్రమించకూడదు.

నెలాఖరులోగా ఆవిడకు చెప్పాలి. నువ్వు ఎన్ని వందలమంది పిల్లలను చూశావో. నాలో టీచరు ఉందా? ఆ పిల్లను ఇక్కడికి తెచ్చింది నేనేనా? ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ మాట మీదే తేల్చుకుంటాను.

నీ గొణుగుడు


డిసెంబరు 14

చిన్నారీ,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. కళ్ళజోడు కాలు విరిగింది. మీ అమ్మ దారం కట్టింది, ఇప్పుడది పెట్టుకుంటే మేకను కట్టేసినట్టుంటుంది.

నేను మొదటిరోజు క్లాసులోకి వెళ్ళినప్పుడు బోర్డు వైపు తిరిగి, పీరియడంతా పిల్లలకు వీపు చూపించాను. భయం. మీ అమ్మను ఈ వృత్తిలోకి రమ్మని ఎంత బతిమాలానో. సుద్దపొడి పడదంది. ముగ్గుపిండి పడుతుంది, మొహానికి పౌడరు పడుతుంది, సుద్ద పడదు. ఇక మనింట్లో చాక్‌పీసు నాతోనే ఆఖరు అనుకున్నాను.

నీ ప్రశ్నకు వస్తున్నాను. పిల్ల మార్కులే చెబుతున్నాయి కదా, ఇంకా నన్నడగడం దేనికి? సీసాలు మాట్లాడవు, నిజమే. నేర్చుకోవు కూడా. పిల్లలు నేర్చుకుంటారు. నీకేది తోస్తే అది చెయ్యి.

అమ్మమ్మ


జనవరి 4

అమ్మమ్మా,

'సీసాలు నేర్చుకోవు' అన్న నీ మాట రాసి అద్దం పక్కన అంటించాను. ప్రొఫెసరమ్మకు వద్దని చెప్పేశాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మళ్ళీ అడగను" అంది. కోపంగా కాదు, మామూలుగానే.

ఆ చోటు గురకకు వచ్చింది. సంతోషంతో మంచమెక్కి గెంతింది. రోజూ వేళ్ళకు ఏవేవో రంగులు పూసుకుని వస్తోంది. చూస్తే ఒక్క క్షణం ఏదోలా అయినమాట నిజం. వెంటనే అద్దం పక్కకు చూస్తాను, సర్దుకుంటుంది.

నీ తరవాతి టీచరు


ఫిబ్రవరి 9

అమ్మమ్మా,

నిన్న సాయంత్రం చిలకకు ఒక లెక్క ఇచ్చి, చేతులు కడుక్కోవడానికి లేచాను. తిరిగి వచ్చేసరికి మూడో మెట్టు తప్పుపోయి, దాని మీద గొడుగు వేసి ఉంది. పిడి కూడా వంకరగా, నువ్వు గీసినట్టే.

"ఇదెవరు నేర్పారు?" అన్నాను.

"నేర్పడమేంటక్కా? మా ఇంట్లో అంతే. అమ్మ మందులు రాసేటప్పుడు కూడా గొడుగే."

"అమ్మకెవరు నేర్పారు?"

పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది. అది నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. తరవాత వేళ్ళ సందుల్లోంచి చెప్పింది. "నేను చెప్పలేదని చెప్పు అక్కా. మొదటి నెలంతా తప్పులు చెయ్యమన్నారు. చాలా కష్టం. తప్పు చెయ్యాలంటే ముందు ఒప్పు తెలియాలి కదా. ఏడెనిమిదులు యాభైనాలుగు అన్నప్పుడు నవ్వొచ్చేసింది, అందుకే ఏడుపు మొహం పెట్టా." ఒకటో తరగతి నుంచీ దానిదే మొదటి ర్యాంకట.

అంతలో వాళ్ళమ్మ కిందనుంచి వచ్చింది. నేను 'తొర్రి' అన్నాను, అంతే. ఆవిడ చెయ్యి గబుక్కున నోటికి అడ్డం వెళ్ళింది. అంత పెద్ద డాక్టరు.

"టీచర్ ఒక్క నెలే అన్నారమ్మా. నువ్వు కుదుటపడితే చాలన్నారు. నువ్వు ఇష్టంగా చెబుతుంటే ఆపబుద్ధి కాలేదు. జీతం మాత్రం నేనే ఇచ్చాను, ఒట్టు" అంది. వారం వారం నీకు ఫోను చేసేదట. మనిద్దరికీ ఫోను కుదరదన్నావు, ఆవిడతో కుదిరిందన్నమాట. కుర్చీ సంగతి ఇప్పుడు అర్థమైంది.

ట్యూషను ఇప్పించినందుకు కాదు నా కోపం. ఆగస్టులో నేనున్న స్థితికి అదొక మందే అనుకో, మింగేస్తాను. డిసెంబరులో నేను అడిగాను. ఆ పిల్లను ఇక్కడికి తెచ్చింది నేనేనా అని ఆ మాటలతోనే అడిగాను. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. అప్పటికి నీకు అంతా తెలుసు. ఒక్క వాక్యం రాస్తే నేను లాబులో ఉండేదాన్ని. నువ్వు కళ్ళజోడు గురించి రాశావు.

అద్దం పక్క కాగితం పీకేశాను. గోడ పెచ్చు ఊడింది.


ఫిబ్రవరి 17

గొణుగుడమ్మా,

తొర్రిని అనకు. నేను చెప్పినట్టు చేసింది, బడి రోజుల్లోనూ అంతే. మీ అమ్మకు ఏమీ తెలియదు. ఇప్పుడు తెలిసింది, ఏడుస్తోంది. ఈసారి కారణం ఉంది.

డిసెంబరులో నీకు మొదట వేరే జవాబు రాశాను. 'వెంటనే లాబుకు వెళ్ళు, ఆ పిల్లకు నీ అవసరం లేదు, ఎందుకో చెబుతాను' అని. మడిచి కవర్లో పెట్టాను. అంటించబోయే ముందు నీ ఉత్తరంలో 'టీచరు కావడానికే పుట్టానేమో' అన్న వాక్యం మళ్ళీ చదివాను. ఆ వాక్యం కోసం నేను ఎన్నాళ్ళు ఎదురుచూశానో నీకు తెలియదు. కవరు చింపాను. కళ్ళజోడు కాలు నిజంగానే విరిగింది, కానీ అది ఆలస్యానికి కారణం కాదు.

సీసాలు నేర్చుకోవు అన్నాను చూశావూ, దాని మీద గొడుగు వేస్తున్నాను. కొట్టేయడం లేదు. కాలు జారింది అక్కడే.

అయినా చేతులు ముడుచుకుని కూర్చునే రకాన్ని కాదు. దీన్ని నేనే సరిచేస్తాను.

అమ్మమ్మ


మార్చి 3

అమ్మమ్మగారికి,

మీరు మా ప్రొఫెసరమ్మకు రాసిన ఉత్తరం చేరింది.

ఆవిడ నన్ను లాబుకు పిలిపించింది. గురక సింకు దగ్గర సీసాలు కడుగుతోంది. ఆవిడ మీ కాగితాలు బల్ల మీద పరిచి, "మీ అమ్మమ్మగారి చేతిరాత ముత్యాల్లా ఉంది. తప్పంతా తనదే అంటున్నారు, నిన్ను మళ్ళీ తీసుకోమంటున్నారు. తీసుకుంటాను. ఈ అమ్మాయిని ఎక్కడికి పంపమంటావు?" అంది. గురక కొళాయి కట్టేసింది. నేను ఆ ఉత్తరం సంగతి నాకు తెలియదన్నాను. ఎప్పటిలాగే ఎవరికీ వినపడలేదు.

ఆ రాత్రి మా గదిలో గురక వినపడలేదు. నిద్రపోకుండా పడుకుందని అర్థం. ఆ చోటు తీసుకోమని దానికి చెప్పింది నేనే. ఇప్పుడు నా మీద నమ్మకం లేక, లాబు తాళంచెవి దిండు కింద పెట్టుకుంటోంది.

గొడుగు గురించి రాశారు. గొడుగు వేస్తే తప్పు తడవకుండా ఉంటుంది, అంతకంటే ఏమీ కాదు.

ఇక నాకోసం మీరు ఏమీ చెయ్యవద్దు. మంచి కూడా.

ఇట్లు,
మీ మనవరాలు


మార్చి 11

అమ్మాయీ,

నీ 'మీరు' అందింది.

బడి మానేసి ఇన్నేళ్ళయినా ఊళ్ళో ప్రతివాళ్ళూ నన్ను మీరనే అంటారు. కూరగాయలవాడూ మీరే, డాక్టరూ మీరే. నువ్వు అనేవాళ్ళు ఇద్దరే ఉండేవారు, మీ అమ్మ, నువ్వు.

ఏమీ చెయ్యొద్దన్నావు, చెయ్యడం లేదు. తొర్రి ఫోను చేస్తే ఎత్తలేదు. నీ గదిలో అమ్మాయికి క్షమాపణ రాద్దామని కాగితం తీశాను, మళ్ళీ లోపల పెట్టాను. ఈ వయసులో ఏమీ చెయ్యకుండా ఉండటం నేర్చుకోవడం సులువు కాదు.

డిసెంబరులో నువ్వు అడిగిన దానికి జవాబు బాకీ ఉంది. నీలో టీచరు ఉందో లేదో నాకు తెలియదు. నువ్వు పాఠం చెబుతుండగా నేను ఎప్పుడూ చూడలేదు. ఇది అప్పుడే రాయాల్సింది.

దీనికి జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

అమ్మమ్మ


జూన్ 20

అమ్మమ్మా,

మా హాస్టలు వార్డెనమ్మకు డిపార్టుమెంటు పరీక్షలో లెక్కల పేపరు గట్టెక్కితే గానీ ప్రమోషను రాదు. రెండుసార్లు తప్పింది. ఏప్రిల్లో నేనే వెళ్ళి, నేర్పుతానన్నాను. ఎవరూ పంపలేదు. "నీకెందుకమ్మా ఈ శ్రమ" అంది, ఆఫీసులో ఫైళ్ళు జరిపి నాకు చోటిచ్చింది. నీకంటే ఇరవయ్యేళ్ళు చిన్నదేమో. మధ్యలో నీళ్ళ మోటారు వేయాలని లేస్తుంది, ఎవరో గేటు దగ్గర పిలిచారని లేస్తుంది, తిరిగొచ్చేసరికి అంతా మరిచిపోయి ఉంటుంది. గొణగమంటే, "చిన్నపిల్లనా నేను?" అంటుంది.

నిన్న ఫలితాలు వచ్చాయి. తప్పింది. కిందటిసారి కంటే తక్కువ మార్కులు. నేను చెప్పకముందే నయం.

భోజనాల దగ్గర అందరి ముందూ నన్ను పిలిచింది. తిడుతుందనుకున్నాను. "సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెడదాం. ఈసారి కాస్త గట్టిగా చెప్పు తల్లీ, సగం నాకు వినపడలేదు" అంది. పక్కబల్ల దగ్గర గురక పకపకా నవ్వింది. మార్చి తరవాత అది నా ముందు నవ్వడం ఇదే మొదటిసారి. తాళంచెవి ఇంకా దిండు కిందే ఉంది.

నేను లాబు పోగొట్టుకున్నాను, అది అలాగే ఉంది. నీ మీద కోపం కూడా అలాగే ఉంది. కానీ ఇన్నాళ్ళకు నా చేతిలో ఒక నిజమైన ఫలితం పడింది. ఆ విద్యార్థిని నిజంగానే తప్పింది, విచారం కూడా నటన కాదు.

ఆవిడ ఏ మెట్టు దగ్గర జారుతోందో ఈ ఉదయం కనిపెట్టాను. ఒక్కటే చోటు, ప్రతిసారీ అక్కడే. అది ఏమిటో తెలుసుకోవాలని నీకు ప్రాణం కొట్టుకుంటుంది. ఈ ఉత్తరం రెండోసారి, మూడోసారి చదువుతావు, ఎక్కడైనా రాశానేమోనని.

రాయలేదు.

నీ మనవరాలు